ల ప్వీ నుంచి కోంక్ దాకా: ఫ్రాన్స్ కొండదారిలో పది రోజుల కాలినడకకు పూర్తి మార్గదర్శి

ఈ దారి గురించి నన్ను అడిగేవాళ్లందరి మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత ఫిట్‌గా ఉండాలి?" రోజూ గంట నడిచే అలవాటున్న ఎవరైనా ఈ దారి పూర్తి చేయగలరు. మధ్యలో ఆగిపోయినవాళ్లను చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఫిట్‌నెస్ లేక ఆగలేదు. బ్యాగు బరువెక్కువై, మొదటి మూడు రోజుల్లో ఉత్సాహం కొద్దీ ఎక్కువ దూరం నడిచి, మోకాళ్లు పట్టేసి ఆగిపోయారు. అందుకే ఈ వ్యాసంలో బరువు గురించి, మొదటి మూడు రోజుల గురించి ఎక్కువ రాశాను. మిగతావి అవసరమైనంత మేరకే.

1. ముందు ఏ ముక్క నడవాలో తేల్చుకోండి

ఫ్రాన్స్ మధ్య భాగంలోని ల ప్వీ ఆన్ వలే పట్నంలో మొదలయ్యే ఈ క్రైస్తవ యాత్రాదారి స్పెయిన్‌లోని శాంతియాగో దాకా పదిహేను వందల కిలోమీటర్లకు పైనే సాగుతుంది. ఫ్రాన్స్‌లో దీన్ని జీఆర్ 65 అంటారు (జీఆర్ అంటే దూరపు కాలినడక దారి). మొత్తం నడవాలంటే రెండు నెలలకు పైగా పడుతుంది. సెలవు మీద వచ్చేవాళ్లకు సరిపడే ముక్క ల ప్వీ నుంచి కోంక్ దాకా, సుమారు 200 కిలోమీటర్లు.

నడిచే రోజులు పది. రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చి వెళ్లడానికి మరో నాలుగు రోజులు కలుపుకుంటే పదహారు రోజుల సెలవు కావాలి. పన్నెండు రోజుల సెలవులో అంతా ఇరికించాలని చూడకండి. అంత సెలవే దొరికితే దారి మధ్యలోని ఓమోన్ ఓబ్రాక్ ఊరిదాకా ఐదారు రోజులు నడిచి అక్కడ రైలెక్కండి.

క్రైస్తవులు కాకపోయినా నడవొచ్చా అని మొహమాటపడుతూ అడుగుతారు కొందరు. నిక్షేపంగా నడవొచ్చు. దారిలో మిమ్మల్ని ఎవరూ మతం అడగరు. అడిగేది "ఎక్కడినుంచి బయల్దేరారు, ఎక్కడిదాకా?" అని మాత్రమే.

2. ఏ నెలలో వెళ్లాలి

దారిలో చాలా భాగం వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. ఏప్రిల్ చివర్లో కూడా మంచు పడొచ్చు. మే రెండో సగం నుంచి జూన్ చివరి దాకా, మళ్లీ సెప్టెంబర్‌లో వెళ్లడం మంచిది. జులై, ఆగస్టుల్లో ఎండ మన ఎండంత కాకపోయినా, నీడలేని పీఠభూమి మీద నాలుగు గంటలు నడిస్తే తల తిరుగుతుంది.

మే నెలతో ఒక చిక్కుంది. మే 1, మే 8, క్రీస్తు ఆరోహణ పండుగ గురువారం, పెంతెకోస్తు సోమవారం ఫ్రాన్స్‌లో సెలవులు. ఆ వారాంతాల్లో స్థానికులే గుంపులుగా వచ్చి నడుస్తారు, మంచం దొరకడం కష్టం. మీ మొదటి రాత్రి ఆ రోజుల్లో పడకుండా చూసుకోండి.

సెప్టెంబర్‌లో వేట సీజన్ మొదలవుతుంది. అడవి ముక్కల్లో తుపాకీ శబ్దాలు వినిపిస్తే బెదిరిపోకండి. నారింజ రంగో, పసుపో, కొట్టొచ్చినట్టు కనిపించే బట్ట ఒకటి పైన వేసుకుని, దారి వదలకుండా నడవండి.

3. వీసా, బుకింగులు: ఏది ముందు, ఏది తర్వాత

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెన్‌గెన్ స్వల్పకాలిక వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. పదిహేను రోజుల కంటే తక్కువ వ్యవధి ఉంటే తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు.

చిక్కంతా బస రుజువు దగ్గరే. ఈ దారిలో రాత్రి బస చిన్న చిన్న సత్రాల్లో. వాటిని జీత్ అంటారు. కొన్నింటికి వెబ్‌సైటే ఉండదు, ఫోన్‌లో మాట తీసుకుంటారు అంతే. ఆ మాట వీసా ఫైల్లో పెట్టలేం కదా. అందుకే ఈ వరుస పాటించండి:

- ముందు పది రోజుల మజిలీలు కాగితం మీద రాసుకోండి.
- ప్రతి జీత్‌కూ ఈమెయిల్ పంపండి, ఫ్రెంచిలో నాలుగు ముక్కలు: తేదీ, ఎంతమంది, రాత్రి భోజనం కావాలా, శాకాహారమా. అనువాద యాప్ సరిపోతుంది.
- వచ్చిన జవాబులన్నీ ప్రింటు తీసి, మజిలీల పట్టికతో కలిపి ఫైల్లో పెట్టండి.
- మెయిల్‌కు జవాబివ్వని ఊళ్లో హోటల్ గానీ, రద్దు చేసుకునే వీలున్న గది గానీ బుక్ చేయండి.
- విమానం టికెట్ చివర్లో.

మే, జూన్, సెప్టెంబర్లకైతే మూడు నెలల ముందే మొదలుపెట్టండి. అన్నిటికంటే ముందు సోవాజ్, నస్బినాల్ మజిలీలు బుక్ చేయండి. అక్కడ మంచాలు తక్కువ, చుట్టుపక్కల వేరే దారీ తక్కువే.

ఖర్చు: మంచం, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్ కలిపి ఇచ్చే పద్ధతిని దెమీ పాన్సియోన్ అంటారు. మనిషికి రోజుకు 45 నుంచి 60 యూరోలు వేసుకోండి. పంచాయతీవాళ్లు నడిపే జీత్‌లో మంచం మాత్రమే తీసుకుంటే ఇందులో సగం కూడా కాదు, కానీ వంట మీరే చేసుకోవాలి.

4. కాళ్ల తయారీ: ఎనిమిది వారాలు

ఎక్కడానికి ఊపిరి కావాలి, దిగడానికి మోకాళ్లు కావాలి. ఈ దారిలో ఇబ్బంది పెట్టేది దిగుడే. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద ఎంత నడిచినా దిగుడు అలవాటు కాదు.

తిరుపతికి దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి మైదానం లేదు. అలిపిరి మెట్లు 3,550. వాటిని ఎక్కడం అందరికీ అలవాటే. మీరు దిగడం కూడా చేయండి, వీపు మీద బ్యాగుతో. అలా రెండుసార్లు చేస్తే మీ మోకాళ్ల సంగతి మీకే తెలిసిపోతుంది. ఊళ్లో కొండ లేనివాళ్లు అపార్ట్‌మెంట్ మెట్లు దిగండి, లిఫ్టులో పైకి వెళ్లి మళ్లీ దిగండి. వాచ్‌మన్ వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

- 1, 2 వారాలు: రోజూ గంట, ఖాళీ చేతులతో.
- 3, 4 వారాలు: వారానికి ఒకసారి 12 కిలోమీటర్లు, నాలుగు కిలోల బ్యాగుతో.
- 5, 6 వారాలు: వారానికి ఒకసారి 18 కిలోమీటర్లు, అసలు బరువుతో.
- 7వ వారం: వరుసగా రెండు రోజులు 18 చొప్పున. ఇది ముఖ్యం. నొప్పి బయటపడేది రెండో రోజే.
- 8వ వారం: విశ్రాంతి.

అరుణాచల గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు చేశాం కాబట్టి ఇదీ చేసేస్తాం అనుకునేవాళ్లకు ఒక్క మాట. అది చదునైన రోడ్డు, ఒక్క రాత్రి. ఇది గులకరాళ్ల దారి, పది ఉదయాలు.

5. బ్యాగు: ఎనిమిది కిలోలు దాటితే మళ్లీ సర్దండి

మీ బరువులో పదో వంతు మించకూడదన్నది పాత లెక్క. నీళ్లతో కలిపి ఏడు కిలోలైతే బాగు, ఎనిమిది హద్దు. మొదటిసారి నేను పదకొండున్నర కిలోలతో బయల్దేరాను. మూడో రోజు సోగ్ పోస్టాఫీసులో నిలబడి, రెండు జీన్స్ ప్యాంట్లు, ఒక లావు పుస్తకం, మా అక్క బలవంతంగా పెట్టిన ఎలక్ట్రిక్ కెటిల్ డబ్బాలో పెట్టి లియోన్‌లో ఉన్న స్నేహితుడి ఇంటికి పంపించేశాను. పోస్టు ఖర్చు కంటే ఆ మూడు రోజులు భుజాలు పడ్డ బాధే ఎక్కువ.

బట్టలు
- నడిచే జత ఒకటి, సాయంత్రం జత ఒకటి. అంతే. జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులైనా ఆరదు.
- ఉన్ని సాక్సులు మూడు జతలు. నూలు సాక్సులు బొబ్బలకు మూలం.
- పల్చటి స్వెట్టరు, వాన కోటు, బ్యాగుకు వాన తొడుగు.
- టోపీ. జూన్‌లో వెళ్లినా పల్చటి చేతితొడుగులు పెట్టుకోండి, ఓబ్రాక్ పీఠభూమి గాలికి పనికొస్తాయి.

కాళ్లకు
- కనీసం వంద కిలోమీటర్లు నడిచి మెత్తబడిన బూట్లు. అర సైజు పెద్దవి, దిగుడులో వేళ్లు ముందుకు తగలకుండా.
- సాయంత్రానికి తేలికపాటి చెప్పులు.
- రెండు చేతికర్రలు. నలభై దాటినవాళ్లకు ఇవి తప్పనిసరి అంటాను.

రాత్రికి
- పల్చటి సంచీ దుప్పటి. జీత్‌లో రగ్గు ఇస్తారు, పక్క దుప్పటి చాలాచోట్ల ఇవ్వరు.
- చెవిలో పెట్టుకునే దూది. పెద్ద గదిలో ఎనిమిదిమంది పడుకుంటే ఇద్దరైనా గురక పెడతారు.
- తలకు కట్టుకునే టార్చి.

మిగతావి
- వాజెలిన్, బొబ్బల పట్టీలు, సూది దారం, ఒంటికి అంటుకున్న పిడుదును (టిక్) తీసే చిన్న కొక్కెం.
- లీటరున్నర నీళ్లు పట్టే సీసాలు.
- ఛార్జరు. మన సన్న రెండు పిన్నుల ప్లగ్గు అక్కడ పడుతుంది, లావు మూడు పిన్నులది పట్టదు.
- నగదు 150 నుంచి 200 యూరోలు. కొన్ని జీత్‌లలో కార్డు తీసుకోరు.

బరువు మోయలేని పరిస్థితి ఉంటే మీ బ్యాగును ఒక మజిలీ నుంచి తర్వాతి మజిలీకి వ్యానులో చేర్చే సర్వీసులున్నాయి. మజిలీకి పది యూరోలు అటూ ఇటూ. ముందు రోజు సాయంత్రంలోగా చెప్పాలి. ఇదేమీ నామోషీ కాదు. అరవై దాటిన ఫ్రెంచివాళ్లు చాలామంది హాయిగా ఇలాగే నడుస్తారు.

6. శాకాహారులు ముందే చేయాల్సిన పని

ఈ ప్రాంతం పశువుల పెంపకానికి పెట్టింది పేరు. జీత్‌లో అందరికీ ఒకే వంట, రాత్రి ఏడింటికి ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అప్పుడు "నేను శాకాహారిని" అంటే, పాపం వంటావిడ ఏం చేయగలదు? బుకింగ్ మెయిల్‌లోనే రాయండి, ముందు రోజు ఫోన్‌లో మళ్లీ గుర్తు చేయండి.

ఉత్త "వెజిటేరియన్" అని వదిలేస్తే చేప వడ్డించిన సందర్భం నాకే ఎదురైంది. ఫ్రెంచిలో "ని వ్యాండ్, ని ప్వాసోన్" అనండి. మాంసమూ వద్దు, చేపా వద్దు అని. "సాన్ లార్దోన్" కూడా చేర్చండి. లార్దోన్ అంటే సన్నగా తరిగిన పంది ముక్కలు, సలాడ్లలోనూ వేస్తారు.

ధైర్యంగా తినదగ్గవి:
- అలిగో: బంగాళాదుంప ముద్దలో తాజా చీజు, వెల్లుల్లి, మీగడ కలిపి తీగలు సాగేదాకా గిలకొట్టిన వంట. ఓబ్రాక్ ప్రాంతపు సొత్తు. పక్కన సాసేజ్ పెడతారు, అది వద్దని ముందే చెప్పండి.
- ల ప్వీ ఆకుపచ్చ పప్పు: మన పెసరంత కాదు గానీ రుచి బాగుంటుంది. మాంసంతో కలిపి వండే అలవాటుంది కాబట్టి అడిగి తినండి.
- ఆమ్లెట్, చీజు, రొట్టె, పళ్లు.

సూప్ గురించి జాగ్రత్త. కూరగాయల సూప్ అన్నా ఎముకల రసంతో కాచి ఉండొచ్చు.

ఇంటి నుంచి వంద గ్రాముల కందిపొడి తెచ్చుకోండి. అలిగో మీద చల్లుకుంటే... తిన్నవాళ్లకే తెలుస్తుంది. నెయ్యి, పాలతో చేసిన మిఠాయిలు మాత్రం తేవద్దు. ఐరోపా బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం నిషేధం.

7. ల ప్వీలో ముందు రోజు

పారిస్ నుంచి రైలులో లియోన్ లేదా సాంతెత్యెన్ మీదుగా రావాలి. మారడాలతో కలిపి నాలుగున్నర, ఐదు గంటలు. విమానం దిగిన రోజే నడక మొదలుపెట్టకండి. ఒక రాత్రి నిద్రపోండి.

ఆ సాయంత్రం చేయాల్సినవి:
- కొండ మీది కెథడ్రల్‌కు వెళ్లి యాత్రా పుస్తకం కొనుక్కోండి. దాన్ని క్రెదెన్షియల్ అంటారు. ప్రతి మజిలీలో ముద్ర వేయించుకోవాలి. కొన్ని జీత్‌లలో ఇది చూపిస్తేనే మంచం.
- రెండు రోజులకు సరిపడా రొట్టె, చీజు, పళ్లు కొనండి.
- మొదటి జీత్‌కు ఫోన్ చేసి "రేపు వస్తున్నాం" అని చెప్పండి.
- ఆఫ్‌లైన్ మ్యాపు డౌన్‌లోడ్ అయిందో లేదో చూసుకోండి.

ఉదయం ఏడింటికి కెథడ్రల్‌లో యాత్రికుల ప్రార్థన ఉంటుంది. తర్వాత నేలలోని పెద్ద ఇనుప జాలీ తెరుచుకుంటుంది, మెట్ల మీదుగా నేరుగా ఊళ్లోకి దిగిపోతారు. ప్రార్థనలో మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా వెనక వరసలో కూర్చుని ఆ మెట్లు దిగండి. మొదటి ముప్పై మంది తోటి నడకరులు అక్కడే పరిచయమవుతారు.

8. దారి గుర్తులు చదవడం

- తెల్ల గీత పైన, ఎర్ర గీత కింద: సరైన దారి, ముందుకు.
- రెండు గీతలతో పాటు బాణం: మలుపు.
- ఎరుపు తెలుపు ఇంటూ గుర్తు: ఇటు కాదు, వెనక్కి.
- పసుపు గీత: స్థానిక దారి, మీకు సంబంధం లేదు.
- నీలం మీద పసుపు గవ్వ: యాత్రాదారి.

అందరూ చేసే తప్పు ల ప్వీలోనే జరుగుతుంది. అక్కడి నుంచి జీఆర్ 70 అనే మరో దారి కూడా బయల్దేరుతుంది, గుర్తులు అవే రంగులు. మన దారి ప్లాస్ దు ప్లో అనే కూడలి దగ్గర సాన్ జాక్ వీధి పట్టుకుని పడమరగా పైకెక్కుతుంది. అక్కడ గుర్తు పక్కన 65 అంకె చూసి కదలండి.

కొండ దారిలో పది నిమిషాలుగా ఒక్క గుర్తూ కనబడకపోతే ఆగండి. "ఇంకొంచెం వెళ్లి చూద్దాం" అనకండి. చివరి గుర్తు దాకా వెనక్కి వచ్చి మళ్లీ చూడండి. మాటల్లో పడి నడిచేటప్పుడే దారి తప్పుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు తప్పడం తక్కువ.

9. రోజువారీ దారి

రోజు 1: ల ప్వీ నుంచి సాన్ ప్రివా దాలియే, 24 కి.మీ.
625 మీటర్ల ఎత్తు నుంచి 1,200 దాకా మెల్లగా ఎక్కుతుంది. మీది మొదటి దూరపు నడక అయితే 24 వద్దు. 16 కిలోమీటర్ల దగ్గర మోంబోనే అనే పల్లెలో ఆగిపోండి. సాయంత్రం నాలుగింటికి "ఇంకా ఓపిక ఉంది కదా" అనిపిస్తుంది. ఆ ఓపిక మర్నాటికి దాచుకోండి.

రోజు 2: సోగ్ దాకా, 19 కి.మీ.
దారి మొత్తంలో మోకాళ్లను ఎక్కువగా పరీక్షించే రోజు ఇదే. రోష్‌గూద్ అనే చిన్న గుడి దాటాక ఆలియే నది ఒడ్డున మొనిస్త్రోల్ దాకా నిటారుగా దిగుడు. చెట్ల వేర్లు, నల్లరాయి. వాన పడితే సబ్బు మీద నడిచినట్టే. అడుగు చిన్నదిగా వేయండి, కర్రలు కాస్త పొడవు పెంచండి, ముందువాళ్లను దాటాలని చూడకండి.

మొనిస్త్రోల్‌లో బ్రిడ్జి దాటగానే ఎక్కుడు, సుమారు 400 మీటర్ల ఎత్తు. అందుకే బ్రిడ్జి దగ్గర అరగంట ఆగి, సాక్సులు విప్పి పాదాలు ఆరబెట్టి, ఏదైనా తినండి. మొదటి రోజు మోంబోనేలో ఆగినవాళ్లు ఈ రోజు మొనిస్త్రోల్‌లోనే పడుకుని, ఎక్కుడును మర్నాడు పొద్దున తాజా కాళ్లతో పూర్తి చేయొచ్చు. నేను రెండోసారి అలాగే చేశాను. ఒక రోజు అదనంగా పట్టింది, మందుల షాపు అవసరం రాలేదు.

రోజు 3: సోవాజ్ దాకా, 20 కి.మీ.
సోగ్‌లో షాపులు, మందుల షాపు ఉన్నాయి. బయల్దేరే ముందే కొనుక్కోండి. సోవాజ్ అంటే ఊరు కాదు, దాదాపు 1,300 మీటర్ల ఎత్తున అడవి మధ్య ఒక పెద్ద రాతి పొలం ఇల్లు. దుకాణం లేదు. భోజనం ముందే చెప్పి ఉండాలి.

రోజు 4, 5: సాన్ తాల్బాన్ 13 కి.మీ., ఓమోన్ ఓబ్రాక్ 15 కి.మీ.
తేలిక రోజులు. ఇవి రెండూ కలిపి 28 ఒకేరోజు నడిచేవాళ్లున్నారు. మీకు తొందర లేకపోతే కలపకండి. బట్టలుతుక్కోవడానికి, కాళ్లు చూసుకోవడానికి ఈ రోజులు కావాలి.

రోజు 6: నస్బినాల్, 26 కి.మీ.
ఇక్కడి నుంచి ఓబ్రాక్ పీఠభూమి. చెట్టు లేదు, పుట్ట లేదు. గడ్డి, రాతి గోడలు, గోధుమ రంగు ఆవులు, ఆకాశం. నీళ్లు రెండు లీటర్లు మోయండి. టోపీ మరిచిపోతే వెనక్కి వెళ్లైనా తెచ్చుకోండి.

రోజు 7: సాన్ షెలీ దోబ్రాక్, 17 కి.మీ.
దూరం తక్కువ, జాగ్రత్త ఎక్కువ. ఓబ్రాక్ ఊరిదాకా దారి పచ్చిక బయళ్ల మధ్య నుంచి, గేట్లు తీసి వేసుకుంటూ పోతుంది. పొగమంచు దిగితే పది అడుగుల దూరంలో మనిషి కనబడడు. వెనకటి రోజుల్లో దారి తప్పినవాళ్ల కోసం ఓబ్రాక్ మఠంలో గంట కొట్టేవారు. ఇప్పుడు మీ ఫోన్‌లో మ్యాపే దిక్కు కాబట్టి ఛార్జింగ్ చూసుకోండి. పొగమంచు దట్టంగా ఉంటే నస్బినాల్ నుంచి తారు రోడ్డు మీదే నడిచి వెళ్లండి. ఎవరూ మార్కులు తగ్గించరు.

ఆవుల విషయంలో నాలుగు మాటలు:
- ఆవుకూ దూడకూ మధ్యలోంచి వెళ్లకండి, చుట్టూ తిరగండి.
- దూడ ముద్దుగా ఉందని ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి.
- గేటు ఎలా ఉంటే అలా వదలండి. మూసి ఉంటే మూయండి.
- అడ్డంగా కట్టిన తీగలో కరెంటు ఉంటుంది. ప్లాస్టిక్ పిడి పట్టుకునే తీయాలి.

ఓబ్రాక్ నుంచి సాన్ షెలీకి ఎనిమిది కిలోమీటర్లలో 500 మీటర్ల దిగుడు, రాళ్ల మీద. రెండో రోజు పాఠం మళ్లీ గుర్తు చేసుకోండి.

రోజు 8: ఎస్పాలియోన్, 22 కి.మీ.
లోట్ నది లోయలోకి దిగుతారు, వేడి పెరుగుతుంది. ఎస్పాలియోన్ పెద్ద ఊరు. ఏటీఎం, మందుల షాపు, సూపర్ మార్కెట్ అన్నీ ఉన్నాయి.

రోజు 9: గొలిన్యాక్, 26 కి.మీ.
ఎస్తాన్ దాకా 11, తర్వాత నదిని వదిలి 300 మీటర్లు పైకి. కాళ్లు మొరాయిస్తే ఎస్తాన్‌లోనే ఆగండి. కోట కింద నది ఒడ్డున ఊరు అందంగా ఉంటుంది, ఆగినందుకు ఎవరూ బాధపడరు.

రోజు 10: కోంక్, 21 కి.మీ.
చివరి రెండు మూడు కిలోమీటర్లు లోతైన రాతి కాలిబాటలో నిటారు దిగుడు. "వచ్చేశాం" అన్న సంబరంలో చీలమండ మెలిపడేది ఇక్కడే. ఊరు కనబడ్డాక కూడా కర్రలు మడవకండి.

10. జీత్‌లో నడుచుకునే తీరు

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల దాకా తలుపులు తీయరు. లోపలికి వెళ్లగానే బూట్లు, కర్రలు గుమ్మం దగ్గరే వదలాలి. మనకు ఇది చెప్పక్కర్లేదు. కొన్నిచోట్ల బ్యాగును కూడా పడకగదిలోకి రానివ్వరు, నల్లుల భయం. మంచం మీద బ్యాగు పెట్టడం ఎక్కడా చేయకండి.

వరుస ఇది: ముద్ర, స్నానం, బట్టలుతుకు, ఆరవేత, తర్వాతే పడక. పడుకుని లేచి ఉతుకుదామంటే ఎండ పోతుంది, తడి సాక్సులు మర్నాడు బ్యాగుకు పిన్నీసుతో వేలాడతాయి.

ఎవరు ఎదురైనా, షాపులో అడుగుపెట్టినా ముందు "బోంజూర్". అది అనకుండా నేరుగా నీళ్లు అడిగితే మొహం మాడ్చుకుంటారు. మిగతా ఫ్రెంచి రాకపోయినా ఫరవాలేదు. రావలసినచోటికి రాలేకపోతే ఫోన్ చేసి రద్దు చేయండి. మీ కోసం వంట చేసి, రాలేదని కంగారుపడి వెతికేవాళ్లున్నారు అక్కడ.

ఉదయం ఆరింటికి లేచేవాళ్లు సామాను రాత్రే సర్దుకోవాలి. చీకట్లో ప్లాస్టిక్ కవర్లు గరగరలాడించే మనిషిని ఏ దేశంలోనూ ఎవరూ క్షమించరు.

11. మామూలుగా జరిగే తప్పులు, వెంటనే చేయాల్సిన మరమ్మతు

మడమ దగ్గర మంట మొదలైంది. "తర్వాతి ఊళ్లో చూద్దాం" అనుకోవడమే తప్పు. అక్కడే కూర్చుని బూటు విప్పండి, తుడిచి ఆరబెట్టి పట్టీ వేయండి. ఐదు నిమిషాల పని. బొబ్బ లేచాక అది ఐదు రోజుల పని. రోజూ పొద్దున వేళ్ల మధ్య, మడమకు వాజెలిన్ రాసుకుంటే చాలామందికి బొబ్బే రాదు.

నీళ్లు అయిపోయాయి. ఫ్రాన్స్ పల్లెల్లో శ్మశానాల దగ్గర సాధారణంగా కుళాయి ఉంటుంది. అనుభవమున్న నడకరులంతా అక్కడే పట్టుకుంటారు. మనకు మొదట్లో మనసొప్పదు, రెండో రోజుకు అలవాటైపోతుంది. "నోన్ పొతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

దుకాణం మూసి ఉంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు, మూడు దాకా మూస్తారు. ఆదివారం మధ్యాహ్నం, చాలాచోట్ల సోమవారం కూడా. ఒక పూట తిండి ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

మోకాలి బయటి వైపు నొప్పి, దిగేటప్పుడే వస్తోంది. ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వండి, బ్యాగు వ్యానుకు ఇచ్చేయండి. మాత్ర వేసుకుని నడిస్తే నొప్పి తెలియదు గానీ దెబ్బ పెరుగుతుంది.

గడ్డిలో కూర్చున్నారు. సాయంత్రం స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, నడుము దగ్గర, చంకల్లో చూసుకోండి. పిడుదు అంటుకుని ఉంటే కొక్కెంతో తీయండి, నూనె పోయకండి, కాల్చకండి. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి వలయం కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి.

పడిపోయారు, లేవలేకపోతున్నారు. 112కు ఫోన్ చేయండి. మ్యాపులో మీరున్న చోటి అంకెలు చదివి వినిపించడం ముందే నేర్చుకుని ఉండండి.

12. కోంక్‌లో దిగి, తిరిగి బయటపడటం

కోంక్‌లో కనీసం ఒక రాత్రి ఉండండి. మఠంవాళ్ల బసలో మంచం దొరికితే మంచిది, ముందే అడగాలి. రాత్రి భోజనం తర్వాత గుళ్లో ప్రార్థన, యాత్రికులకు ఆశీర్వాదం, ఆ తర్వాత ద్వారం మీది తీర్పు దినపు శిల్పాలను ఒక్కొక్కటిగా వివరిస్తారు. ఫ్రెంచిలోనే చెప్తారు, కానీ నరకం వైపు బొమ్మలకు అనువాదం అక్కర్లేదు.

తిరుగు ప్రయాణం గురించి చాలామంది చివరి రోజు దాకా ఆలోచించరు. కోంక్‌లో రైల్వే స్టేషన్ లేదు. దగ్గరి పెద్ద స్టేషన్ రొదేజ్, రోడ్డు మీద దాదాపు 40 కిలోమీటర్లు. బస్సులు బహు తక్కువ. ల ప్వీలో సామాను వదిలినవాళ్లకు, సీజన్‌లో నడకరులను అక్కడికి తిరిగి చేర్చే వ్యాన్లున్నాయి.

- వ్యాను సీటు కనీసం వారం ముందే బుక్ చేయండి.
- కోంక్ నుంచి బయల్దేరే రోజుకూ పారిస్ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచండి.
- రైల్వే సమ్మె ఉందేమో ముందు రోజు సాయంత్రం చూసుకోండి. ఆ దేశంలో అది వానలాంటిది, చెప్పే వస్తుంది.
- బూట్ల అడుగున మట్టి, గడ్డి కడిగేసి, ఆరాకే బ్యాగులో పెట్టండి.